నీళ్ల లెక్క

నూలు చిలపలు తూకమేసిన కొక్కెం కాంటాకే
ఇప్పుడు నా నీళ్ల సంచి వేలాడుతది.

కొత్తవాడల మాది ఒకటే అర్ర.
మగ్గం సగం, మేం సగం.
బొడ్డు పక్కన గొట్టం పెట్టించుకొని వచ్చినంక
స్టెల్లమ్మ సిస్టర్ ఇల్లు చూడొచ్చి
గడపలనే నిలవడ్డది.
గాలి నిండ నూలు నూగు,
గూట్లె, బల్బు మీద, అన్నం గిన్నె మూత మీద.
"ఈ నూగు గొట్టంల దూరితే కడుపంత చీమే" అన్నది.
మూడొద్దులు నేనూ అనసూర్య
తడిబట్టతోని గోడలు తుడిచినం.
మగ్గాన్ని నలుగురు మోసుకపోయిన్రు
బామ్మర్ది ఇంటి వసారాకు.
దాని వెంట నేను పోలేదు.
గుంట మట్టుకు మిగిలింది.
దాని మీద పలక పరిచి
సంచుల డబ్బాలు పేర్చుకున్నం.

రోజుకు నాలుగు మార్లు.
చేతులు కడుగు, మూతికి గుడ్డ, తలుపుకు గొళ్లెం,
ఫ్యాను బంద్.
మే నెల, పగటీలి రెండింటికి,
రేకుల కింద ఫ్యాను బందంటే
ఏందో మీకు చెప్పాల్నా.
ఎవరన్న తలుపు కొడితే
"నీళ్లు మారుతున్నయి, ఆగున్రి" అంటది అనసూర్య.
నల్లా వచ్చిందనుకొని
పక్కింటి ఎల్లవ్వ బిందె పట్టుకొని ఉరికొస్తది.

డాక్టరు కాగితం మీద గీసి చెప్పిండు:
పేగుల చుట్టు పల్చటి పొర ఒకటి ఉంటదట,
కిడ్నీలు చేతులెత్తేస్తే
అదే వడగడుతదట.
"ఎన్నో నంబరు నేత సారూ అది?" అన్న.
ఆయన నవ్విండు. నేను నవ్వలాటకు అడగలే.
నలభై ఏండ్లు జంపఖానాలు నేసినోన్ని,
ఎంత బిగించి కొట్టినా
నీళ్లు పోస్తే కిందికి కారుడే.
ఎవరూ నేయని ఈ గుడ్డ
ఇన్నేండ్లు నా కడుపుల మడతబెట్టి ఉన్నది,
చెడును పోనిచ్చి
నెత్తురును పట్టుకునే నేర్పుతోని.

సంచి నీళ్లల్ల చక్కెర ఉంటదట.
చాయల మాత్రం వద్దన్నరు.

నోటుబుక్కుల రాస్త:
లోపటికి రెండు వేలు,
బయటికి రెండు వేల రెండు వందల యాభై.
ఆసామి దగ్గర కూలి లెక్క చూసుకున్నన్నాళ్లు
వచ్చినదానికంటే పోయినదే ఎక్కువుండి
నిద్ర పట్టని మనిషిని.
ఇప్పుడు గట్లుంటేనే మంచిదట.
తక్కువ దిగిన్నాడు కాళ్లు వాస్తయి.
అనసూర్య నా చీలమండ మీద బొటనవేలు ఒత్తి
సొట్ట ఎంతసేపుంటదో లెక్కబెడుతది.

నిరుడు శ్రావణంల ఒకపారి మబ్బు పట్టింది.
మొగులుకు కాదు, సంచికి.
గంజి వార్చినట్టు తెల్లగ.
కడుపుల ఎవడో పంజతోని కొడుతున్నట్టు నొప్పి.
పారేయకుండ పట్టుకరమ్మన్నది సిస్టర్, పరీక్షకు.
ఆటోల ఎంజీఎంకు పోతుంటె
దాన్ని కొంగుల చుట్టి ఒళ్లె పెట్టుకున్నది.
మట్టెవాడ మూలకు ఆటో ఎగిరి పడ్డప్పుడు
ఒక చెయ్యి నా మీద, ఒక చెయ్యి దాని మీద.
పద్నాలుగు రోజులు సంచిల మందు కలిపి ఎక్కించిన్రు.

అప్పటిసంది పొద్దుగాల
దిగిన సంచి కింద పాత పేపరు పరుస్తది.
అక్షరాలు అగుపడితే నీళ్లు మంచిగున్నట్టు.
రాత్రి బడిల నేర్చిన చదువు ఆమెది,
రేషన్ కార్డు మీద తన పేరు తప్ప
ఇన్నేండ్లు ఏదీ చదివింది లేదు.
ఇప్పుడు నా నీళ్లల్లకెల్లి
ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటది:
"ఎ... ను... మాముల... మిర్చి... తేజ... క్వింటాలుకు..."
ధర కాడ సంచి మడత అడ్డమొస్తది.
"ఎంతనే?" అంట.
"ఆగు" అంటది,
సంచి జరుపుకుంట.