అర టికెట్టు

వనస్థలిపురంలో కరెంటు పోయి గంటన్నర.
ఫోన్ వెలుతురులో నోటుబుక్కు.
నిలువుగా నలుగురం: శ్రీశైలం, నేను, తన్మయి, చిన్నోడు.
అడ్డంగా ఐదు రోజులు.
గడుల్లో ధరలు రాస్తున్నాను, కొట్టేస్తున్నాను,
చెమట పడిన చోట అంకె అలుక్కుపోతే
అదే రేటనుకుని ముందుకు పోతున్నాను.

జనవరిలో మంచుకొండకు వెళ్తున్నాం.
ఫ్రిజ్ పై అరలో స్పూనుతో గీకిన దానికన్నా
ఎక్కువ మంచు మాలో ఎవరమూ చూడలేదు.

"లిఫ్టుకు పాస్ ఎందుకమ్మా?" అన్నాడు చిన్నోడు.
మా అపార్ట్‌మెంటు లిఫ్టు దసరా నుంచి
మూడో అంతస్తులో ఇరుక్కుని ఉంది,
లోపల ఎవరిదో కొత్తిమీర కట్టతో సహా.
ఇది వేరేరా. తీగకు కుర్చీలు వేలాడుతుంటాయి,
కూర్చుంటే కొండ మీదికి తీసుకుపోతాయి.
"మరి దిగేటప్పుడు?"
దిగేటప్పుడు ఎవరి కాళ్లు వాళ్లవే.

ఐదు రోజుల పాస్ తీసేద్దాం,
బోలెడు మిగులుతుంది, అంటాడు శ్రీశైలం.
మిగులుతుందనే మాట మీద నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం.
మా నాయిన దిల్‌సుఖ్‌నగర్ డిపో కండక్టరు.
నెల పాస్ తీసుకుని
జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న పిల్లల్ని చూసి అనేటోడు:
"ఎక్కితేనే పాసు బిడ్డా,
జేబుల ఉంటే అట్టముక్క."

అందుకే నా లెక్క ఇట్లా మొదలైంది.
మొదటి రోజు పిల్లలు నిలబడడం నేర్చుకుంటారు.
నిలబడడానికి లిఫ్టు అక్కర్లేదు.
తర్వాత పడడం నేర్చుకుంటారు.
పడడానికి ఏ కొండ మీదా టికెట్టు లేదు.
రెండో రోజు, ఏడుపులు పోను,
పోగొట్టుకున్న గ్లౌజు వెతికే అరగంట పోను,
ఐదు పొరలు విప్పి పాసు పోయించే టైము పోను
(ఆ పాసుకు ధర ఎవరూ రాయలేదు)
మహా అయితే నాలుగుసార్లు ఎక్కుతారు.

మూడో రోజు గడి దగ్గర పెన్ను ఆగింది.
ఏడేళ్ల లోపు పిల్లలకు ఉచితమట.
తన్మయికి సరిగ్గా ఆ రోజే ఏడు నిండుతాయి.

"ఆరే అని చెప్పేద్దాం," అన్నాడు శ్రీశైలం,
"మూడు రోజులే కదా, ఎవరు చూస్తారు?"

బస్సు తలుపు పక్కన ఇనుప కడ్డీకి ఎర్ర గీత ఉండేది.
తల గీత కిందుంటే అర టికెట్టు.
తల్లుల చేతులు మెల్లగా భుజాల మీద పడేవి,
పిల్లలు మోకాళ్లు వంచి కుంగేవాళ్లు.
నాయినకు తెలుసు.
తెలిసీ ఒకోసారి కిటికీలోంచి మలక్‌పేట చూసేవాడు.
ఒకోసారి, "సక్కగ నిలబడు బిడ్డా" అనేవాడు.
ఎవరికి కిటికీ, ఎవరికి ఆ మాట,
ఎట్లా తేల్చేవాడో నాకిప్పటికీ తెలియదు.

ఒక సోమవారం నా తల గీత దాటింది.
ఆయన బస్సులోనే.
నేను కుంగలేదు, నాకు ఆలోచన రాలేదు.
చొక్కా జేబులోంచి చిల్లర తీసి
తోలు సంచిలో వేసుకుని
ఫుల్ టికెట్టు చింపి నా చేతిలో పెట్టాడు.
దాన్ని లెక్కల పుస్తకంలో దాచుకున్నాను,
పరీక్షలైపోయాక పుస్తకంతో పాటే పోయింది.

చీకట్లో తన్మయి లేచింది.
గుమ్మానికి వీపు ఆనించి మునివేళ్ల మీద నిలబడింది.
"పాస్ మీద నా పేరుంటదా అమ్మా?
ఫోటో?
కుర్చీల నేనొక్కదాన్నే కూసోవచ్చా?"
మడమలు దించవే, అన్నాను.
దించలేదు.

కరెంటొచ్చింది. ఫ్యాను పేజీ తిప్పేసింది.
మళ్లీ వెనక్కి తిప్పి
మూడో గడిలో పూర్తి ధర రాశాను.
శ్రీశైలం ఏదో అనబోయి మంచినీళ్లకు లేచాడు.
మొత్తం మారిపోయింది, మొదట్నుంచీ కూడాలి.

హాల్లో చిన్నోడు సోఫా మీద దిండ్లు పేర్చి
నేల దాకా జారుతున్నాడు,
నాలుగోసారి.