మడిమల గుంతలు

ఆదివారం నాకు ఆఫ్.
దేవరకొండ డిపో ఖాకీ చొక్కా తీగె మీద ఆరేసి
పొద్దు పొడవకముందే కొండమల్లేపల్లి తొవ్వ పడ్త.
బత్తాయి తోట ఎనక పడావు పడ్డ ఎర్ర చెల్కల
దస్తగిరి సారు, ఆయన గుర్రం బాదం.
ఇరవై ఆరేండ్లు పోలీసు గుర్రాల మీద తిరిగి
తుంటి విరిగి ఇల్లు జేరిన మనిషి.
ఇప్పుడు ఎక్కడు. ఎక్కిస్తడు.

దుంకనీకి కొన్న సామాను ఏం లేదు.
రెండు దిక్కుల బత్తాయి డబ్బాలు,
నడుమ సున్నం పూసిన వెదురు గడ.
ఒక్క డబ్బా ఎత్తు దాటిన.
రెండో డబ్బా కాడ ఆరు వారాలు ఆగిపోయిన.

"చెవి, బుజం, తుంటి, మడిమ
మేస్త్రీ గుండుదారం ఇడిసినట్టు
ఒక్క గీత మీదుండాలె" అంటడు.
నాకు మడిమ లేస్తది. మోకాలు బిగుస్తది.
ఒకనాడు పండు ఒలిచి గింజ తీసి
రెండేళ్ల నడుమ నొక్కిండు.
గింజ జారి గాలిల కెగిరింది.
"అగో, గది నువ్వే."
రికాబులు ఊడబీకి
మోకాలి కింద పది రూపాయల నోటు పెట్టిండు.
"లోకమంత పడొద్దంటది.
నేను పడాలంటున్న. నడిపియ్యి."
నోటు పడనీకి రెండు ఆదివారాలు పట్టింది.

ఐదో వారం బాదం గడ ముంగట బిర్రున నిలబడ్డది.
నేను నిలబడలే.
నోట్ల ఎర్రమన్ను, చెవుల తేనెటీగల మోత.
సారు కుంటుకుంట వచ్చి
దెబ్బ తాకిందా అని అడగలే.
"ఏం సూసినవ్?"
"గడ."
"గడను సూస్తే గడ కాడికే పోతవు.
ఆ గుట్ట మీద టవర్ ఉంది, దాన్ని సూడు.
గుర్రానికి గడ కనవడ్తది, దాని పని దానికి తెల్సు."

మన్ను దులుపుకుంటుంటే మల్లొక్కటి అడిగిండు:
"బస్సుల రాడ్డు పట్టుకుంటవా, కండక్టరమ్మా?"
"ఏడ పట్టుకుంట సార్,
ఒక చేతిల మిషను, ఒక చేతిల చిల్లర."
"చింతపల్లి మూల మీద బక్కయ్య బ్రేకు తొక్కితే?"
"మోకాళ్లు సూసుకుంటయ్."
అప్పుడు నవ్విండు, ముందటి పన్ను లేని నవ్వు.
"పదకొండేండ్ల సంది సవారీ చేస్తనే ఉన్నవు,
నా కాడ ఏం నేర్చుకుంటవ్?
ఒక్కటి మాత్రం యాది పెట్టుకో.
దుంకినప్పుడు దాని మెడ ముంగటికి సాగుతది.
అడిగినంత పగ్గం ఇయ్యి.
మెడకు చిల్లర బాకీ పెట్టకు."

ఇయ్యాల్ల పొద్దున
మంచు ఇంక తోటల్నే ఉంది.
మూడు అంగలు, రెండు,
నేను దుంకలే, తలుపు మడత లెక్క
తుంటి కాడ వంగిన, అంతే.
చేతులు జూలు ఎంబడి ముంగటికి పోయినయి.
టవర్ మీద ఎర్రలైటు ఇంక ఆరలే,
దాన్నే సూసిన.
కింద ఎవరో రోడ్డును తీసేసినట్టు
ఒక్క చిటికె
ఇంజను చప్పుడు లేదు.
మల్ల నేల వచ్చింది,
మడిమలల్లకు దిగి, ఆడ్నే ఆగిపోయింది.

ఎనక కాలు తాకి గడ పడ్డది.
"గడ పడ్డది" అన్నడు సారు,
ఇంకేం అనలే. మాలిషుకు చన్నీళ్లు తేనీకి పోయిండు.

బాదంను నడిపిచ్చుకుంట
ఆయన నిలబడ్డ జాగకు వచ్చిన.
చెప్పుల ముందటి అచ్చు ఆనీ ఆననట్టుంది.
ఎనక మాత్రం
రెండు మడిమల గుంతలు,
కుడిది జర తక్కువ,
ఎడమది
నా బొటనవేలు మునిగేటంత లోతు.