రాని బాకీలు

ఈ శనివారంతో మా కొట్టు మూత.
వీధికి పేరు మారి ఏళ్లయినా
బ్యూనస్ అయిరిస్‌లో మావాళ్లకి ఇది ఇంకా కానింగ్ వీధే.
తానులన్నీ సగం ధరకి పోయాయి.
మిగిలింది ఊదారంగు లైనింగు గుడ్డ,
మొండి కత్తెర్లు మూడు,
ట్రంకుపెట్టెడు చిట్టా పుస్తకాలు.

తాత హ్మాయక్ బెజ్జియాన్.
టర్కీ మాటలో బెజ్ అంటే గుడ్డ.
ఇంటిపేరులోనే కొట్టు పెట్టుకుని ఓడ దిగాడు.
రేవు గుమాస్తా అందులో ఒక అక్షరం మింగేశాడు,
బడి పంతులు ఇంకోటి మార్చాడు,
ఒకే తల్లి బిడ్డలు నాన్న బెసియాన్, బాబాయి వెసియాన్.

మరాష్ నుంచి మంచులో నడిచినప్పుడు
చొక్కా లోపల ఏదో పుస్తకం ఉబ్బెత్తుగా కనిపించి
తోటివాళ్లు బైబిలనుకున్నారట.
కాదు. అరువు ఖాతా.

ఏటా జనవరి ఒకటి రాత్రి
కొత్త చిట్టా తెరిచి, కొత్త బేరాల కంటే ముందు
మొదటి పేజీలో పాతవి ఎక్కించేవాడు:
రొట్టెల కిర్కోర్ భార్య, నీలం చీటీగుడ్డ, రెండు అర్షిన్లు.
చర్చి గంట కొట్టే తోరోస్, కోటు గుడ్డ, సగం చెల్లు.
నాడాలు కొట్టే సెరోప్ కూతురు, పెళ్లి ముసుగు,
పెళ్లయ్యాక ఇస్తానంది.
వడ్డీ ఎప్పుడూ వెయ్యలేదు.

లెక్కలు చూసే ఒతేగీ గారు ఒకసారి
పెన్ను మూత తీసి, ఇవి మొండి బాకీలు, కొట్టేద్దామన్నాడు.
నానమ్మ వెర్జినే బఠాణీలు ఒలుస్తోంది.
"కొట్టేస్తే వాళ్లసలు మా కొట్టుకే రాలేదని కదయ్యా అర్థం"
అంది, తలెత్తకుండా.
ఆయన మూత పెట్టేశాడు.

నాన్నకి ఆ లిపి సగమే వచ్చు.
ఎంబ్రాయిడరీ నమూనా దించినట్టు దించేవాడు,
ఏడాదికో వంకర అరిగింది,
తోరోస్ ఇప్పుడు ఏమని పలుకుతాడో నాకు తెలీదు.
నా వంతు వచ్చాక
నేను జెరాక్స్ తీయించాను. ఏం చెయ్యను.

ఎడమ పేజీలో మేం ఇవ్వాల్సింది ఒక్కటే:
కంచరగాడిదల వెలీకి,
రెండు రాత్రులు, గడ్డివాము లోపల,
ఒక కంబళి.
ఎంతో రాయలేదు తాత.
ఆ గడి ఖాళీగానే
ఒక చిట్టా లోంచి ఇంకో చిట్టాలోకి వస్తోంది.

మధ్యాహ్నం ఒకామె వచ్చింది, బొలీవియా యాస,
వీపున నిద్రపోతున్న పిల్ల.
ఊదారంగుది రెండున్నర మీటర్లు కావాలి,
చేతిలో డబ్బు ఒకటిన్నరకే ఉంది.
మిగతాది సోమవారం తెచ్చిస్తానంది.

సోమవారం ఈ తలుపు మీద
ఇంకెవరి తాళమో ఉంటుంది.
కొలిచాను. తాత చేసినట్టే
బెత్తెడు ఎక్కువ వదిలి కత్తిరించాను.
పుస్తకం ముందుకి లాక్కుని,
పేరు చెప్పమ్మా, అన్నాను.