నాలుగింటిదాకా నా వంతు

జులై. రాత్రంతా రేకుల కప్పు మీద
ఆప్రికాట్లు టప్పు టప్పుమని రాలుతూనే ఉన్నాయి,
ఏరే ఓపిక ఎవరికీ లేదు.
కొండవతల అడవి అంటుకుని ఆరు రోజులు.
పొద్దు వాలేసరికి సూర్యుడు ఒక్క దానిమ్మ గింజ.
ఆరేసిన దుప్పట్లు పొగ వాసన, పాలు పొగ వాసన,
పోస్టాఫీసులో ఫెలీసితాస్ ఇచ్చే చిల్లర కూడా.

న్యూమెక్సికోకి గవర్నరెవరైనా
ఈ లోమా సార్కా లోయకి పెద్ద పట్టింపు లేదు.
కాలవకి నీరటికాడు ఎవరన్నదే లెక్క.
పాతాయన ఒనోఫ్రే మే నెలలో
తూము దగ్గరే, పార చేతిలో ఉండగానే పోయాడు.
ఆ పారకి ఇద్దరు పోటీ.
బెలార్మీనో పాడైన ఫ్రిజ్ తలుపు మీద తన పేరు రాసి
రోడ్డు మలుపులో నిలబెట్టాడు.
ఎవుఫేమియా ఇంటింటికీ జామ్ సీసా పంపింది,
మూత మీద తేదీ ఉండాల్సిన చోట
"నీళ్ళు అమ్మకానికి లేవు."

అదీ అసలు గొడవ.
దిగువన గోల్ఫ్ మైదానం వాళ్ళు
మా వంతుల్ని గంటల లెక్కన కొంటారట.
"మా నాన్న నలభై ఏళ్ళు మిరప పండించాడు,
మిగిల్చింది అప్పుల చీటీలు" అంటాడు బెలార్మీనో.
నిజమే కదా అనిపిస్తుంది.
ఆవిడ మాట్లాడితే అదీ నిజమే.
నేను కాలవ సంఘం కార్యదర్శిని,
బడి ఉన్నన్నాళ్ళూ స్కూలు బస్సు నడుపుతాను.
అద్దంలో నాకు రెండు ఇళ్ళ పిల్లలూ కనిపిస్తారు,
ఒకే సీటులో, కొట్టుకుంటూ.

శుక్రవారం రాత్రి ఫైరింజన్ను బయటికి తోసి
షెడ్డులో కుర్చీలు వేశాం. చీటీలు కాఫీ డబ్బాలో.
పంతొమ్మిది, పంతొమ్మిది.
మళ్ళీ లెక్కపెట్టాను.
డబ్బా బోర్లించి తట్టాను, కాస్త కాఫీ పొడి రాలింది.
"తొమ్మిదిన్నరకి మళ్ళీ వేద్దాం" అన్నారు.
"ట్రాంకిలీనో ఏడీ?" అన్నారెవరో.

తొంభై ఒకటి నిండిన మనిషి
గడ్డి చేలో, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లతో.
పొగలో ఎర్రబడ్డ చంద్రుడు అతని కాళ్ళ చుట్టూ పారుతున్నాడు.
"తాతా, నీ ఒక్క ఓటే తక్కువ."
"నాలుగింటిదాకా నా వంతు."
"నీళ్ళ కోసమే కదా ఆ ఎన్నిక!"
"నీళ్ళిక్కడుంటే నాకక్కడేం పని?"

ఎలుక బొరియ ఒక్కటి చాలట,
వారం రోజుల వంతు రోడ్డు పాలవడానికి.
పార ఇటివ్వు, నేను నిలబడతానన్నాను.
నన్ను చూశాడు. నా చెప్పుల్ని చూశాడు.
బూట్లు విప్పి ఇచ్చి
మేజోళ్ళతోనే నా ట్రక్కెక్కి
లైట్లు వేయకుండా వెళ్ళిపోయాడు.

చప్పుడు వంతెన దాటాక గుర్తొచ్చింది
నా ఓటు ఇక్కడే ఉంది,
అతని బూట్లలో, రెండు సైజులు వదులుగా.
మొదటిసారి ఎవరికి వేశానో రాయను.
మా ఆయన బెలార్మీనోకి మేనల్లుడు,
అంతవరకు చాలు.
గడ్డి దుబ్బుల్లో నీళ్ళు
ఎవరో నిద్రలో పెదవులు తడుపుకున్నట్టు నడుస్తుంటే
వింటూ నిలబడ్డాను. వినడమే పని అనుకున్నాను.

పదకొండింటికి తిరిగొచ్చాడు.
"ఎవరు?" అన్నాను.
జవాబు లేదు. టార్చి వేశాడు.
"ఈ గట్టెప్పుడు తెగింది?"

వెలుగు కంచె దాటి వెళ్ళింది.
నా కాళ్ళ పక్కనుంచే, చడీ చప్పుడూ లేకుండా,
వంతులో సగం
ఎవుఫేమియా చిక్కుడు సాళ్ళలోకి చేరింది.

చాలాసేపు ఆ తడి మీదే టార్చి నిలిపాడు.
"పొద్దున్నే ఆవిడే వస్తుంది," అన్నాడు,
"నీళ్ళు వృథా చేశానని నాకు జరిమానా వేయడానికి.
ఆ రసీదు రాయాల్సింది నువ్వే."
గట్టు మీద కూలబడి
తడిసిన మేజోళ్ళు పిండుకుంటూ
"ఇంకా ఐదు గంటలుంది," అన్నాడు,
"బూట్లివ్వు."