లాభం, రెండు, మూడు

మూడో నెంబరు బెడ్డు. ఖాశింబీ, యాభై రెండు.
గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే పని.
పిత్తాశయంలో రాళ్లు.
మొన్న థియేటరు గడప దాకా వచ్చి
వెనక్కి వెళ్లింది.
"పొద్దున్నుంచీ ఏమీ తీసుకోలేదుగా?"
"ఏమీ లేదమ్మా, టీ ఒక్కటే."

టీ లెక్కలోకి రాదని ఆమె నమ్మకం.
పాలు పోసిన టీ, మత్తులో పైకి తన్ని
ఊపిరితిత్తుల దారి పడితే ఏమవుతుందో
భయపెట్టకుండా చెప్పడానికి
నాకు ముప్పావు గంట పట్టింది.
సర్జన్ గారు గడియారం చూసుకున్నారు.
చూసుకోనీ.

ఇవాళ మళ్లీ.
నోరు తెరిపించాను: కింది వరసలో ఒక పన్ను ఊగుతోంది,
రాసుకున్నాను.
వీపు మీద స్టెత్ ఆనించాను:
ఇరవై ఏళ్ల ఘాటు లోపల సన్నగా ఈల వేస్తోంది.
ముక్కుపుడక ఎంతకీ రాలేదు. సిస్టర్ సబ్బునురగ రాసి
బతిమాలి బతిమాలి తీసింది.
వేలికి క్లిప్పు పెడుతుంటే అంది,
"ఈ చేతుల మంట మజ్జిగలో ముంచినా పోదమ్మా,
మీ మందుకి పోద్దా?"

కాసేపు పోతుంది.

"నిద్ర మందేగా?"
కాదు అనలేదు నేను.
నిద్రలో దోమ కుట్టినా చెయ్యి లేస్తుంది.
ఇక్కడ కత్తి దిగినా లేవదు,
ఊపిరి కూడా తనది కాదు,
నా గుప్పిట్లో రబ్బరు సంచిలో ఉంటుంది.
ఇది ఏ మాటల్లో చెప్పను?
"నువ్వు లేచేదాకా పక్కనే ఉంటా" అన్నాను.
అది మాత్రం అబద్ధం కాదు.

టీ వద్దన్న చేత్తోనే
పాలలాంటి మందు నరంలోకి వదిలాను.
"అంకెలు లెక్కపెట్టు, ఖాశింబీ."
అందరూ ఒకటి అంటారు.
మాస్కు కింద ఆమె "లాభం" అంది.
బస్తాల లెక్క.
రెండు. మూడు. నాలుగు.
ఐదు, కాస్త నానిన గొంతుతో.
ఆరు.
కనురెప్ప తాకాను. కదల్లేదు.

గంటా పది నిమిషాలు.
రాళ్లు గిన్నెలో టంగుమన్నాయి, అందరూ అటు చూశారు.
నేను తెర మీద గీతనే చూస్తున్నాను.
ఒకసారి బీపీ జారింది, ఎత్తాను.
ఆ సంగతి ఆమెకి ఎప్పటికీ తెలీదు.

మందు ఆపాను.
గొట్టం తీయగానే దగ్గింది,
గట్టిగా, యార్డంతా వినపడేలా.
పన్ను ఉన్నచోటే ఉంది.
"ఖాశింబీ, కళ్లు తెరువు. అయిపోయింది."
పెదాలు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"ఆరున్నొకటి" అంది.