మేమా, మనమా

కగ్గదాసపుర రైలు గేటు పడితే
నా గురువారం అరగంట ఆలస్యం.
వాళ్లు ముందే వచ్చి కూర్చున్నారు,
సోఫాకి చెరో కొస,
నడుమ ఆమె హెల్మెట్.

ఎలిసియో, రొసౌరా. ప్వెబ్లా నుంచి
వైట్‌ఫీల్డ్ కార్ల కంపెనీకి వచ్చి పద్నాలుగు నెలలు.
ఊరి మిరపకాయ దొరక్క బ్యాడిగితో సర్దుకున్నారు.
వాళ్ల ఇంగ్లీషు, నా ఇంగ్లీషు
రెండూ అద్దె ఇళ్లే,
మేకు కొట్టాలంటే ఓనర్ని అడగాలి.

రోజూ పొద్దున్న ఏడున్నరకి వాళ్లమ్మ ఫోను.
అక్కడ ఇంకా నిన్నటి రాత్రి ఎనిమిది.
"బాగున్నాం" అంటాడట.
"నన్నడక్కుండానే" అంది రొసౌరా,
హెల్మెట్ పట్టీ లాగుతూ.

నేను చదివిన పుస్తకంలో దీనికో జబ్బు పేరుంది.
మా అమ్మ హిందూపురం నుంచి
వంకాయ ఏం చేశావని అడిగే వేళా అదే కనక
ఆ పేరు నోటిదాకా వచ్చి ఆగింది.
బదులుగా ఇంకో తప్పు చేశాను.
"మా దగ్గరా అంతే" అన్నాను, నవ్వుతూ.

ఆమె మొహం షట్టరు దించేసింది.
"అంతే కాదు.
వాళ్లమ్మ చెడ్డది కాదు. నా పెళ్లిగౌనుకి
రాత్రుళ్లు కూర్చుని పూసలు కుట్టింది.
ఆ కథ మీకు తెలీదు."
తెలీదు.
పెన్నుకి మూత పెట్టాను.

కాసేపాగి అడిగాను,
బాగున్నది ఎవరెవరని.
మా భాషలో ఆ మాటకి రెండు తలుపులన్నాను:
వింటున్నవాళ్లని బయటుంచితే మేము,
లోపలికి పిలిస్తే మనం.
అమ్మతో అన్నది ఏది?

ఎలిసియో చాలాసేపు ఫ్యాను చూశాడు.
మాకు ఒకటే, నోసోత్రోస్, అన్నాడు.
"అందులో ఓత్రోస్ అంటే వేరేవాళ్లు" అంది రొసౌరా.
"మా అక్కచెల్లెళ్లమే ఉంటే నోసోత్రాస్.
ఒక్క మగాడొస్తే చాలు, మాట తోక మారిపోతుంది."
అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు గానీ
హెల్మెట్ తీసి కింద పెట్టింది.

"మేము" అన్నాడతను, పెదాలు రెండుసార్లు కలిపి.
మళ్లీ, "మనం".
ఏది ఎప్పుడో తేల్చలేదు. టైమైపోయింది.

కిటికీలోంచి చూస్తే
కింద అయ్యంగార్ బేకరీ ముందు
"ఎరడు" అంటూ వేళ్లు చూపిస్తున్నాడు.
ఖారా బన్ను.
రెండోది ఆమె అందుకుందో లేదో,
గేటు తెరిచారు కాబోలు,
ఇటుకల లారీ ఒకటి అడ్డంగా వచ్చి నిలబడింది.