అరంగుళం

రాయదుర్గంలో ఆ సందుకు పేరు లేదు,
చప్పుడుంది.
ఇంటికి రెండు మిషన్లు, మూడు మిషన్లు.
జీన్సు గుడ్డ నీలి నూగు గాలిలో లేచి
మూలమీది బజ్జీల బాణలిలో కూడా వాలుతుంది.

నా భుజానికి తూకం మిషను,
సంచిలో నూట పన్నెండు ప్రశ్నలు.
పొద్దున్నే పది కిలోల గుండు పెట్టి చూస్తాను.
పది కిలోల రెండొందల గ్రాములంటుంది.
ఆ రెండొందలూ ఎవరివో తెలీదు.
సరిచేసుకుని బయల్దేరతాను.

నలభై మూడో ఇల్లు హంపమ్మది.
చెప్పులిప్పి ఎక్కింది గానీ
కిందికి చూడలేదు.
డెబ్బయ్యెనిమిది.
పైకి చదవకూడదని మాకు శిక్షణలో చెప్పారు.
నేను చదవలేదు,
మిషనే ఎర్రటి అంకెల్లో చదివింది.
పక్కింటి తొక్కుడు ఒక్క క్షణం ఆగి
మళ్ళీ మొదలైంది.

నడుము కొలిచే టేపు
నిన్నటి ఇంట్లో మరిచొచ్చాను.
తన మెడలోది తీసిచ్చింది, అంకెలరిగిన టేపు.
"ఇరవై రెండేండ్లాయ మ్మేయ్, నడుములు కుట్టబట్టి.
అప్పుడు మూటకంతా ఇరవై ఎనిమిదులే.
ముప్పై నాలుగొస్తే
ఎవరో బళ్ళారి సేటుకనుకునేటోళ్ళం.
ఇప్పుడు ముప్పై ఆరు గూడ
మీసం రాని పిల్లోనికే.
కాగితాలు మోసుకోనొచ్చి కనిపెట్టల్లా దీన్ని?
జిప్పులమ్మేటోన్ని అడిగినా చెప్తాడు."

నలభై ఒకటో ప్రశ్న:
గత వారం రోజుల్లో ఆకలి లేకుండా
ఎన్నిసార్లు తిన్నారు?

నవ్వు మొదలుపెట్టి దగ్గులో ముగించింది.
"తెల్లారి లారీ వచ్చేలోపల
నూరు ప్యాంట్లు ముగియాలంటే
నిద్ర రాకుండా ఉండేకి తింటాం.
బొరుగులు, టీ, మళ్ళా టీ.
దాన్ని యే గడిలో రాస్తావు?"

ఉన్న గడులు నాలుగే:
ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, తెలియదు.

పుట్టినప్పటి బరువు దగ్గర
అందరూ తెలియదనే అంటారు.
హంపమ్మకు తెలుసు.
గంజి కేంద్రాలు నడిచిన కరువేడు పుట్టిందట.
విత్తనం బుడ్డలు తూచే తక్కెట్లో
వాళ్ళ జేజి గుడ్డలో చుట్టి పెట్టిందట.
"రెండు కిలోల రాయికి తూగలేదంట.
బతికితే చూద్దాంలే అని
మూడు నెల్లు పేరు గూడ పెట్టలేదు."

మా సారు ఓసారి జీపులో
కిటికీలోంచి ఎండిన వంకను చూస్తూ అన్నారు:
కడుపులోనే కరువు చూసిన ఒళ్ళు
దాచుకోవడం నేర్చుకుంటుందేమో,
దొరికిన ప్రతి ముద్దలోంచీ
రేపటికింత తీసిపెడుతుందేమో.
ఏమో అని రెండుసార్లన్నారు.
ఆ రెండు ఏమోల కోసమే
నేను ఈ మిషను మోస్తున్నాను.

ఆసుపత్రికి చివరిసారి ఎప్పుడు వెళ్ళారు?
"పోను."
గుండీ కుట్టి దారం కొరికింది.
"మోకాలు నొప్పి అంటే బరువు తగ్గు.
దగ్గు అంటే బరువు తగ్గు.
కండ్లు మసకలంటే తలెత్తకుండానే, బరువు.
ఆ మాట ఈ సందులో
దుడ్డు తీసుకోకుండానే చెప్తారు."

తలుపు వెనక కూతురు శివగంగ,
పదహారేళ్ళు. ఎంత పిలిచినా రాలేదు.
"ఇస్కూల్లో ఎక్కిచ్చినారంట అందరి ముందర.
అప్పట్నుంచి మధ్యాన్నం అన్నం దాపున తింటాది."
నిరాకరించినవాళ్ళ అంకె తొంభై తొమ్మిది.
రాశాను.
లెక్క కట్టేటప్పుడు
తొంభై తొమ్మిదుల్నే ముందు తీసేస్తారు.

లేవబోతుంటే నా పక్క కుట్టు చూసింది,
పిగిలి, పిన్నీసు పెట్టుకున్న చోటు.
"నిలబడు" అని
నా ఒంటిమీదే దారం విప్పింది.
లోపల మిగులు గుడ్డ లేదు.
"అంగట్లో కొన్నదా? వాళ్ళు వదల్రు.
మా ఊరోళ్ళకైతే
లోపల అరంగుళం వదుల్తా నేను.
మనిషి ఒక్క తీరున ఉంటాడా?
విప్పుకునేకి గుడ్డ ఉండల్ల."

రాత్రి ఆఫీసులో ఫారాలు సర్దుతుంటే
నలభై మూడో ఇంటి నడుము గడి
ఖాళీగా కనిపించింది.
టేపు చేతులు మారింది గానీ
కొలవడం ఇద్దరమూ మరిచాం.

నా ఆకుపచ్చ చుడీదారుకి
చంక కింద నీలి జీన్సు ముక్క.
అక్కడ కాస్త ఊపిరాడుతోంది.